రాణి లాంటి ఏనుగు మళ్లీ జూకి రావాలా, వద్దా?

పాతబస్తీవాడు
ఎండాకాలం సెలవుల్లో మా నాన్న నన్ను ముందు కడ్డీ మీద, చెల్లిని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని నెహ్రూ జూపార్కుకి తీసుకెళ్లేవారు. పులుల్నీ కోతుల్నీ గబగబా దాటేసి రాణి దగ్గర ఆగేవాళ్లం. చెరకుగడను కాలి కింద అదిమి, పుటుక్కున విరిచి, తొండంతో నోట్లో పెట్టుకునేది. మా చెల్లి ఇంటికొచ్చాక అన్నం ముద్దను కూడా అలాగే తింటానని మొండికేసేది.

రాణి 1963లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ నుంచి ఈ జూకి వచ్చింది. బోనాల ఊరేగింపులోనూ కనిపించేది, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపులోనూ కనిపించేది. రెండు పండగలకూ ఒకే ఏనుగు! 2021 జూన్‌లో పోయింది, వయసు 83 అన్నారు. ఇప్పుడేమో అసలు ఏనుగుల్నే జూలో పెట్టొద్దంటున్నారు. నేను ఒప్పుకోను. దగ్గర నుంచి ఒక్క ఏనుగునైనా చూడని పిల్లలకు అడవి గోడు ఏం పడుతుంది?

ఆకుపచ్చ
అన్నా, మీ జ్ఞాపకాన్ని కాదనట్లేదు. కానీ జూల్లో, సర్కస్‌ల్లో ఉన్న ఏనుగులను అడవుల దగ్గరి శిబిరాలకు తరలించమని కేంద్ర జూ అథారిటీ 2009లోనే చెప్పింది. ఆడ ఏనుగు ఒంటరిది కాదు. అమ్మమ్మ, అమ్మ, కూతురు, పిల్లలు అంతా ఒక గుంపు, అన్నిటికంటే పెద్దది ముందు నడుస్తుంది. అలాంటి జీవిని ఒక ఆవరణలో ఉంచి, గట్టి నేల మీద నిలబెడితే ముందు పాడయ్యేవి పాదాలే.

పాతబస్తీవాడు
మరి 83 ఏళ్లు ఎలా బతికిందమ్మా? అడవిలో 60 దాటడమే గొప్ప.

ఆకుపచ్చ
పళ్ల వల్ల అన్నా, నిజంగా. ఏనుగుకు జీవితకాలంలో దవడ పళ్లు ఆరు సార్లు వస్తాయి. ఆఖరివి అరిగిపోతే అడవిలో మేత నమల్లేక చనిపోతుంది. మనిషి దగ్గర ఉంటే మెత్తగా చేసి పెడతారు. కేరళలో గుడి ఏనుగు దాక్షాయణి 88 ఏళ్లు బతికిందన్నారు. తిండి బాగా పెట్టారని తెలుస్తోంది, అంతవరకే. చిన్నప్పుడు ఒక జాతరలో గొలుసుతో కట్టేసిన ఏనుగు తల అటూ ఇటూ ఊపుతుంటే డాన్స్ చేస్తోందని చప్పట్లు కొట్టాను. కట్టేసి ఉంచితే అలా ఊపుతాయని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పలమనేరు పిల్లోడు
మీ ఇద్దరికీ ఏనుగును చూడాలా వద్దా అని గొడవ. మాకు చూడకుండా ఉండే అదృష్టం ఎక్కడ? 1980ల్లో పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన గుంపులు మా చిత్తూరు జిల్లా కౌండిన్య అడవిలో ఉండిపోయాయి. మా నాయన పంట కోతకొస్తే చాలు, డబ్బా, టపాసులు పట్టుకుని రాత్రంతా చేలోనే. అదేం టెన్షనో పడుకునేవాళ్లకు తెలీదు. ‘అడవికి పంపేయండి’ అని రాసేముందు ఆ అడవి పక్కన ఎవరుంటారో చూడండి. పైగా జూలో ముసలిదైన ఏనుగు అడవిలో ఎలా బతుకుతుంది?

ఆకుపచ్చ
విడిచిపెట్టమనలేదు తమ్ముడూ, మావటీలు, డాక్టర్లు ఉండే శిబిరాలకు అన్నాను. 2025లో కర్ణాటక నుంచి మీ వైపు తెచ్చిన కుంకీ ఏనుగులు మనుషుల దగ్గరున్నవే కదా.

పలమనేరు పిల్లోడు
అవి పనిచేసేవి. గుంపును తరమడానికి శిక్షణ ఇచ్చినవి. చెరకు తింటూ ఫొటోలకు నిలబడిన ఏనుగును తెచ్చి ఆ పని చేయమంటే అదే ముందు పారిపోతుంది.

పాతబస్తీవాడు
హహ, రాణి అయితే పారిపోయేది కాదులే. సరే, సగం దిగొస్తా. ఉన్నవాటిని ఉన్నచోటే కడదాకా చూసుకోవాలి, కొత్తవి తేవొద్దు. మరి బోనాలకు?

ఆకుపచ్చ
ఏనుగుకు బదులు ట్రాలీ మీద అమ్మవారి ఘటం పెట్టొచ్చు. పూలతో బాగా అలంకరిస్తే సరి.

పాతబస్తీవాడు
ఈ మాట మా అమ్మకు నువ్వే ఫోన్ చేసి చెప్పాలమ్మా. నా వల్ల కాదు.