ఒకే నంబరు బస్సులు మూడు వెనకవెనకే ఎందుకొస్తాయి?

రూట్ ప్రయాణికుడు:
హైదరాబాద్‌లో 218 (కోఠి–పటాన్‌చెరు) లాంటి రద్దీ రూట్లలో చాలాసేపు ఒక్క బస్సూ కనపడదు, తర్వాత రెండుమూడు ఒకేసారి వస్తాయి. మొదటిదాంట్లో ఫుట్‌బోర్డు మీద కూడా జనం, చివరిది ఖాళీ. సరైన ఎడంతో బయల్దేరినా ఇలా ఎందుకవుతుంది? ట్రాఫిక్ వల్లేనా, డ్రైవర్లు కావాలని కలిసి నడుపుతారా?

చక్రం:
ట్రాఫిక్ మొదలుపెడుతుంది, పెంచేది మాత్రం స్టాపులో ఎక్కే జనం. పది నిమిషాలకో బస్సు, ప్రతి స్టాపుకీ నిమిషానికి ఇద్దరు వస్తారు, ఒక్కొక్కరు ఎక్కడానికి 3 సెకన్లు అనుకోండి. టైముకొచ్చే బస్సుకి 20 మంది, 60 సెకన్లు. అదే బస్సు సిగ్నల్ దగ్గర 2 నిమిషాలు ఇరుక్కుంటే 24 మంది ఉంటారు, 12 సెకన్లు అదనం. అంటే ఆలస్యం ప్రతి స్టాపులో పదో వంతు పెరుగుతుంది. పదో స్టాపు చేరేసరికి 2 నిమిషాలు కాస్తా 5 దాటుతాయి.

ఇది సగం కథే. వెనక బస్సుకి ప్రతి స్టాపులో జనం తక్కువ దొరుకుతారు, కాబట్టి అది టైముకన్నా ముందుకి జరుగుతూ వస్తుంది. ఈ లెక్క చివరిదాకా వేస్తే సరిగ్గా ఆ పదో స్టాపు దగ్గరే రెండూ కలుస్తాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. పైగా వెనక నడిచే బస్సుకి కలెక్షన్ రాదు, ఈపీకే (కిలోమీటరుకి వచ్చే ఆదాయం) పడిపోతుంది. సిబ్బందికి దానివల్ల లాభమేముంటుంది?

డోర్ దగ్గర:
ఆ 3 సెకన్లే అసలు కీలకం. సిటీ ఆర్డినరీలో ఆడవాళ్లు ముందు డోరు, మగవాళ్లు వెనక డోరు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి (ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం) మొదలయ్యాక ముందు డోరు దగ్గరే జనం పెరిగారు. వెనక డోరు ఖాళీగా ఉన్నా బస్సు కదలదు, ఎందుకంటే స్టాపులో ఆగే సమయాన్ని తేల్చేది ఎక్కువమంది ఎక్కే డోరే. వాళ్లకిచ్చేది డబ్బుల్లేని జీరో టికెట్టు అయినా కార్డు చూసి మిషన్‌లో కొట్టాల్సిందే. ఫుట్‌బోర్డు నిండిందంటే దిగేవాళ్లకి దారి ఉండదు, ఒక్కొక్కరికి 3 కాస్తా 5, 6 సెకన్లవుతుంది. ఆలస్యం పెరిగే వేగం కూడా దాంతోపాటే రెట్టింపు.

బస్సులకే ప్రత్యేక లేన్ ఉన్న అహ్మదాబాద్ జన్‌మార్గ్‌లో (2009) టికెట్టు స్టేషన్‌లోనే తీసుకుంటారు, ప్లాట్‌ఫారం బస్సు ఫ్లోరుతో సమానంగా ఉంటుంది. ప్రత్యేక లేన్ గురించే అందరూ మాట్లాడతారు గానీ ఈ రెండూ లేకపోతే ఆ లేన్‌తో వచ్చే మేలు చాలా తగ్గిపోయేది.

రూట్ ప్రయాణికుడు:
మరి వెనక బస్సు ముందుదాన్ని దాటేసి పోతే సరిపోదా?

చక్రం:
జనం పంచుకోవడానికి పనికొస్తుంది, ఎడం మాత్రం తిరిగి రాదు. రెండూ జంటగానే ముందుకు పోతాయి, వాటి వెనక ఖాళీ అలాగే ఉంటుంది. మందు ఏమిటంటే వెనకదాన్ని ఆపడం. చాలామంది ఆలస్యమైనదాన్ని తరమమంటారు, అది తప్పు. నిండిన బస్సుని తరిమితే స్టాపులు వదిలేస్తుంది, అక్కడి జనం ఇంకాసేపు నిలబడతారు.

ఆపేచోటు కూడా ముఖ్యమే. ఎక్కువమంది దిగిపోయే అమీర్‌పేట లాంటి చోట ఆపితే లోపల విసుక్కునేవాళ్లు తక్కువ. 2, 3 నిమిషాలు చాలు, అంతకుమించితే జనం ఒప్పుకోరు. కంట్రోలర్ చూడాల్సింది టైమ్‌టేబుల్ కాదు, ముందు బస్సు వెళ్లి ఎంతసేపైందన్నది.

చివరి స్టాపులో విరామం కూడా తగినంత ఉండాలి. 5 నిమిషాల విరామం పెట్టి, బస్సు 20 నిమిషాలు లేటుగా వస్తే వెంటనే తిప్పి పంపుతారు. అలా పొద్దుట కలిసిపోయిన బస్సుల గుంపు మధ్యాహ్నం దాకా సాగుతుంది.

పట్టాల పక్క:
మెట్రోలో ఈ జబ్బు కనపడకపోవడానికి కారణం సిగ్నలింగ్. రైళ్ల మధ్య ఎడాన్ని సీబీటీసీ (రైళ్లతో రేడియోలో మాట్లాడే కంప్యూటర్ సిగ్నలింగ్) వ్యవస్థ చూసుకుంటుంది, వెనక రైలు మరీ దగ్గరికి రావడానికి వీల్లేదు. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల ఆలస్యాలకి కారణం వేరు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులతో ఒకే పట్టాలు పంచుకోవాలి కాబట్టి వాటికి దారివ్వాల్సి వస్తుంది.

నిండిన బస్సొస్తే బస్సు ఎక్కడుందో చూపించే ఆర్టీసీ 'గమ్యం' యాప్‌లో ఆ రూటు చూడండి. రెండోది ఒకట్రెండు స్టాపుల దూరంలోనే ఉంటే ఆగి అదే ఎక్కండి. ఫిర్యాదు రాసేటప్పుడు "బస్సులు రావట్లేదు" అనకండి. స్టాపు పేరు, తేదీ, వరసగా వచ్చిన బస్సుల రిజిస్ట్రేషన్ నంబర్లు, ఒక్కోటి వచ్చిన నిమిషం రాసి డిపో మేనేజర్‌కి ఇవ్వండి. అలా వారం రోజులవి ఉంటే ఎడం ఎక్కడ చెడుతోందో వాళ్లు జీపీఎస్ రికార్డుతో పోల్చి చూడగలరు.