డయాలసిస్ మొదలయ్యాక నాన్నకు ప్రోటీన్ ఎలా పెంచాలి? శనివారం గుడ్డు కూడా ముట్టరు

నాచారం అబ్బాయి:
మా నాన్నకు 61 ఏళ్లు, బరువు 58 కిలోలు. కిడ్నీ సమస్య బయటపడ్డ దగ్గర్నుంచి ఇంట్లో పప్పు తగ్గించాం, చికెన్ మానేశాం. ఇప్పుడు మంగళ, గురు, శని డయాలసిస్. డైటీషియన్ గారు రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ 3.1కి తగ్గిందని చూసి, రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రోటీన్ తినాల్సిందే అన్నారు. పొటాషియం, ఫాస్ఫరస్ మాత్రం పెరగకూడదట. నీళ్లు లీటరు లోపే. షుగర్ లేదు.

అమ్మ నమ్మట్లేదు. "నిన్నటిదాకా వద్దన్నది ఇవాళ ఎట్లా పెట్టమంటారు?" అని గొడవ. నాన్నకేమో తెల్లసొన వాసనే పడదు. శనివారం నీసు అసలే ముట్టరు. ఆ రోజు ఇంటికొచ్చి పెరుగన్నం రెండు ముద్దలు తిని పడుకుంటారు. మీ ఇళ్లల్లో ఏం పెడుతున్నారు?

మల్కాజిగిరి అత్తమ్మ:
బాబూ, మీ అమ్మగారి అనుమానం న్యాయమైనదే. డయాలసిస్‌కు ముందు ప్రోటీన్ తగ్గించేది కిడ్నీ మీద బరువు పడకుండా. మెషిన్ మీదికి వచ్చాక లెక్క మారిపోతుంది. రక్తం శుభ్రం చేసేటప్పుడు చెత్తతో పాటు అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ తయారయ్యే ముక్కలు కూడా కొట్టుకుపోతాయి. మన తార్నాకలోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కిలో బరువుకు 0.83 గ్రాములు అని చెప్తారు. డయాలసిస్ వాళ్లకు కిలోకు 1 నుంచి 1.2. ఈ ముక్క ఆవిడకు చెప్పండి.

తెల్లసొన ఒక్కోదానిలో మూడున్నర గ్రాములు వస్తుంది, ఫాస్ఫరస్ లేనట్టే. అదంతా పచ్చసొనలో ఉంటుంది. ఉడకబెట్టినవి మా ఆయన కూడా పక్కకు నెట్టేవారు, అందుకే పొరటు చేస్తాను. నూనె కాస్త ఎక్కువే పోసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు ఎర్రగా వేగనివ్వాలి. అప్పుడు తెల్లసొన పోసి, గరిటె పెట్టకుండా కాసేపు వదిలేయాలి. వెంటనే కలిపితే నీరు వదిలి ఆ వాసన వస్తుంది. గట్టిపడ్డాక పెద్ద ముక్కలుగా తిప్పి, దించేముందు మిరియాల పొడి, దించాక నిమ్మరసం. పులుపు తగిలితే ఉప్పు తక్కువైనా తెలీదు. నాలుగు గుడ్లవి వేస్తే 14 గ్రాములు. ఆదివారం రాంనగర్ మార్కెట్ నుంచి రవ్వ చేప తెస్తాం, పులుసు కాదు, వేపుడే. పులుసు కూడా నీళ్ల లెక్కలోకే వస్తుంది.

నాకు అసలు భయం ఆ రెండు ముద్దల గురించి. అన్నం చాలకపోతే ఒళ్లు ఆ ప్రోటీన్‌నే పొయ్యిలో కట్టెల్లా తగలేస్తుంది, ఇంక కండ ఎక్కడ పడుతుంది? షుగర్ లేదన్నారు కాబట్టి సగ్గుబియ్యం ఉప్మా, పల్లీలు లేకుండా. అన్నంలో నెయ్యి. నెయ్యి దగ్గర పిసినారితనం వద్దు.

రాత్రి షిఫ్ట్:
డయాలసిస్ టెక్నీషియన్‌ని. పై అత్తమ్మ చెప్పింది కరెక్టే. మెషిన్ మీద ఉన్నప్పుడు కడుపు నిండా పెట్టకండి, కొందరికి బీపీ ఢామ్మని పడిపోతుంది. తిండిలోని ఫాస్ఫరస్ ఒంటికి పట్టకుండా ఆపే మాత్ర అన్నంతో పాటే వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే దండగ. లో సోడియం ఉప్పు కొనొద్దు, అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్. ఇంకోటి, కిడ్నీ వాళ్ల పౌడర్లు రెండు రకాలు. డయాలసిస్‌కు ముందు వాడేదాంట్లో ప్రోటీన్ తక్కువ. డబ్బా వెనక చదివి, డైటీషియన్‌ని అడిగి కొనండి.

నాచారం అబ్బాయి:
థాంక్స్ అన్నా. ఇంట్లో డబ్బా చూశాను, తక్కువ ప్రోటీన్‌దే! పాతది మిగిలిపోయింది. అత్తమ్మా, మరి శనివారం సంగతి? చూడ్డానికి వచ్చే చుట్టాలందరూ కొబ్బరిబోండాలు తెస్తున్నారు.

మల్కాజిగిరి అత్తమ్మ:
శనివారానికి మీల్‌మేకర్. 25 గ్రాముల ఎండుదాంట్లో 12, 13 గ్రాములు ఉంటుంది. మరిగే నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోయండి, పొటాషియం కొంత పోతుంది. సన్నగా తరిగి అల్లం వెల్లుల్లితో కీమాలాగా వేయించండి. పనీర్ 50 గ్రాములు పెట్టొచ్చు, కాకపోతే ఆ ఫాస్ఫరస్ ఆపే మాత్ర తప్పనిసరి. ఎంత పెట్టాలన్నది మాత్రం ప్రతి నెలా రిపోర్టు చూసి డైటీషియన్ గారితోనే ఖాయం చేసుకోండి.

కొబ్బరినీళ్లు చుక్క కూడా వద్దు బాబూ, నిండా పొటాషియమే, గుండె లయ తప్పుతుంది. బోండాం అక్కడే కొట్టి తెచ్చినవాళ్లకే ఇచ్చేయండి, ఈ ఎండల్లో వాళ్లకైనా చల్లగా ఉంటుంది.