పూజారి, హజ్రత్, పాస్టరు కలిసి రెండు పార్టీల వాళ్ళను కూర్చోబెట్టడం మంచిదేనా?

బుగ్గవంక (చర్చ మొదలుపెట్టినవారు)
మాది కడప దగ్గర ఒక పల్లె. 2024 ఎన్నికలు అయిపోయినా మా ఊళ్ళో ఒక పార్టీ వాళ్ళ పెళ్ళికి ఇంకో పార్టీ వాళ్ళు పోవడం లేదు. చావుకు కూడా పోవడం లేదు. ఇప్పుడు గుడి పూజారి, మసీదు హజ్రత్, చర్చి పాస్టరు ముగ్గురూ అనుకుని, రెండు పక్షాల పెద్దలను గుడి మండపంలో కూర్చోబెట్టి మాట్లాడిస్తామంటున్నారు. నాకు చానా సంతోషమైంది. ఆగస్టు 15న మైకు పట్టుకుని దేశమంతా ఒకటే అంటాం, పక్క వీధిలో పాడె లేస్తుంటే తలుపేసుకుంటాం. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. మీరేమంటారు?

చీనీతోట
ఒప్పుకోను. గుడిలోకి రాజకీయం తేకూడదు. 1988లో పార్లమెంటు దీనికోసమే ఒక చట్టం చేసింది. గుడి గానీ మసీదు గానీ చర్చి గానీ, ఆ ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడుకోనివ్వకూడదు. రేపు పూజారి మీద కేసు పడితే మీరు పోయి విడిపిస్తారా?

గూగూడు భక్తుడు
మాది అనంతపురం జిల్లా. మొహర్రంకు గూగూడు వచ్చి చూడండి. కుళ్ళాయిస్వామి పీర్లు లేస్తే హిందువు ఎవరో ముస్లిం ఎవరో కనిపెట్టలేరు. అందరి చేతుల్లోనూ చక్కెర చదివింపులే.

బుగ్గవంక
చీనీతోట అన్నా, ఆ చట్టం ఆపేది పార్టీ ప్రచారాన్ని. ఓటు అడగడం వేరు, మాటలు లేని ఇద్దరిని మాట్లాడించడం వేరు. మన సీమలో మతపెద్దల మాటకు విలువ ఈనాటిది కాదు. ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి పోండి. ఆయన దేవేరి బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అని ముస్లింలు పొద్దున్నే కొబ్బరికాయలు పట్టుకుని వరుసలో ఉంటారు. మంత్రాలయం భూమి రాఘవేంద్రస్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్. బ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డ. ఇంత ఉన్న గడ్డ మీద ముగ్గురు పెద్దలు నోరు విప్పితే తప్పేముంది?

కర్నూలు కొండారెడ్డి బురుజు
నవాబు ఇచ్చింది భూమి. రెండు పార్టీలకు రాజీ చేయలేదు. ఆ ముచ్చటకూ దీనికీ పోలిక లేదు.

చీనీతోట
అదే నేనూ చెప్పేది. దేవుని కడపకు పోయేది భక్తితో. అక్కడ ఎవరూ ఎవరినీ కూర్చోబెట్టలేదు. జనం వాళ్ళంతట వాళ్ళు పోతున్నారు. ఇంకో మాట. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చూడండి. మతం, కులం పేరుతో ఓటు అడిగితే ఎన్నికే చెల్లదు. నలుగురు అటు, ముగ్గురు ఇటు అయినా తీర్పు తీర్పే. మండపంలో మాత్రం వద్దు.

బుగ్గవంక
ఎవరూ ఓటు అడగడం లేదన్నా! ఎన్నిసార్లు చెప్పాలి? పోలింగ్ అయ్యాక తాడిపత్రిలో రాళ్ళు పడి 144 సెక్షన్ పెట్టేదాకా పోయింది. అప్పుడు పోలీసులు కాక ఇంకెవరైనా మధ్యలో నిలబడి ఉంటే బాగుండు అని మీకు అనిపించలేదా?

జమ్మలమడుగు టీచర్
నాదొక ప్రశ్న. ఆ మండపంలో ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారు? పాస్టరుగారిని పిలిచారు సరే, ఆయన వెంట వచ్చే ఎస్సీ కాలనీ వాళ్ళను మండపం పైకి రానిస్తారా, మెట్ల కింద నిలబెడతారా?

బుగ్గవంక
అక్కా, అది ఇంకా అనుకోలేదు. అడుగుతాను.

సిద్ధవటం బాషా
మండపం కాకపోతే ఫంక్షన్ హాల్లో పెట్టుకోండి. అయిపోయె.

బుగ్గవంక
ఫంక్షన్ హాలు ఒక పార్టీ వాళ్ళది బాషా భాయ్, రెండోవాళ్ళు గేటు కూడా దాటరు. గుడి అయితే అందరిదీ. చీనీతోట అన్నకు మాత్రం మండపం అంటేనే పడటం లేదు. చట్టం అంటారు, కోర్టు అంటారు. ఊరు బాగుపడటం మీకు ఇష్టం లేనట్టుంది.

చీనీతోట
ఇష్టం లేదా? అయితే వినండి.

మాకు మూడు వందల ఇరవై చీనీచెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఉండేవి. ఎనిమిదేళ్ళ చెట్లు. 2012లో ఒక రాత్రి అన్నీ నరికేశారు. మా చిన్నాయన ఒక పార్టీకి ఏజెంటుగా కూర్చున్నాడు, అదే మేము చేసిన తప్పు. తెల్లారి నీళ్ళు పెట్టడానికి పోతే గేటు కాడికే పచ్చి ఆకు వాసన కొట్టింది. గోలీకాయలంత పిందెలు నేలంతా. డ్రిప్ పైపులు కూడా గొడ్డలితో కొట్టిపోయినారు. మా నాయన మట్టిలో పేడ కలిపి ఒక్కో మోటుకు పూసుకుంటా పోయినాడు, చిగురేస్తుందేమోనని. మధ్యాహ్నం దాకా పూస్తానే ఉన్నాడు.

కేసు పెట్టినాం. మూడు నెలలకు పెద్దలు వచ్చినారు. అందులో ఒక స్వామి కూడా ఉన్నాడు. ఊరి కోసం సర్దుకోండి అన్నారు. గుడి మండపంలో కూర్చోబెట్టి, ఇంక పగలు లేవని మా నాయనతో కర్పూరం ఆర్పించినారు. చెట్టుకు ఇంత అని లెక్క కట్టినారు. లోక్ అదాలత్‌లో రాజీకి సంతకం పెట్టినాం. రూపాయి రాలేదు. అడగబోతే, దేవుని ముందర ప్రమాణం చేసి మళ్ళీ పాత గొడవ తీస్తావా అని మా నాయననే తిట్టినారు. ఆయన పోయేదాకా మళ్ళీ ఆ గుడి మెట్లెక్కలేదు.

మీ ముగ్గురు పెద్దలు మంచోళ్ళే కావచ్చు. కానీ వాళ్ళ ముందు కూర్చునేది రెండు పార్టీల పెద్దలు. వాళ్ళిద్దరూ చేతులు కలుపుకుంటారు. నష్టపోయినోడు ఎక్కడ కూర్చుంటాడు?

కర్నూలు కొండారెడ్డి బురుజు
లోక్ అదాలత్ రాజీ అంటే కోర్టు డిక్రీతో సమానం. డబ్బు ఇవ్వకపోతే అమలు పిటిషన్ వేయొచ్చు. కాగితంలో మొత్తం రాసి ఉందా?

చీనీతోట
లేదు సార్. కాగితంలో రాజీ అని మాత్రమే ఉంది. డబ్బు మాట మండపంలో నోటిమాటే.

జమ్మలమడుగు టీచర్
అందుకే అడిగాను ఎవరెవరు కూర్చుంటారని.

బుగ్గవంక
అన్నా, ఇష్టం లేదు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తప్పుగా అన్నాను. ఐక్యత ఒద్దని మీరు అంటున్నారనుకున్నా.

ఇందాక హజ్రత్‌తో మాట్లాడాను. మా ఊళ్ళోనూ పోలింగ్ తర్వాత ఒక వితంతువు బడ్డీకొట్టు తగలబెట్టారు. ఆమె పేరు పిలిచేవాళ్ళ లిస్టులో లేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ముందు ఆమె చెప్పాలి, పెద్దలు వినాలి, ఒప్పుకున్న డబ్బు కాగితం మీదికి రావాలి, ఆ తర్వాతే చేతులు కలపడం అన్నారు. పూజారిగారికీ పాస్టరుగారికీ తానే చెప్తానన్నారు. కాలనీ వాళ్ళ సంగతీ అడిగాను. అందరూ ఒకే చాప మీద కూర్చోకపోతే తాను రానన్నారు.

సిద్ధవటం బాషా
ఇది బాగుంది.

చీనీతోట
ప్రమాణాలు చేయించొద్దని చెప్పండి. కర్పూరం ఆర్పితే ఇంక ఆమె జన్మలో నోరెత్తలేదు.

బుగ్గవంక
చెప్తా. అన్నా, మీకు అభ్యంతరం లేకపోతే ఆదివారం హజ్రత్‌ను, పాస్టరుగారిని తీసుకుని మీ తోటకు వస్తా. మీ మాట నేరుగా వింటే బాగుంటుంది. మోట్లు ఇంకా ఉన్నాయా?

చీనీతోట
ఉన్నాయి. పీకించలేదు. పొద్దున పది లోపల రండి, ఆ తర్వాత ఎండకు నిలబడలేరు.