గాలిమరల టెక్నీషియన్ పనికి ముందు కోర్సు చేయాలా, నేరుగా చేరొచ్చా?

నమస్తే. మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తయి ఏడాదైంది, నాన్నతో ఇళ్ల వైరింగ్‌కి వెళ్తున్నాను. గాలిమరల మెయింటెనెన్స్‌లోకి వెళ్లాలని గట్టిగా ఉంది. మా చుట్టుపక్కల అవి లేవు. సతారా, ధూలే, అనంతపురం, ఎక్కడికైనా వెళ్తాను.

జీడబ్ల్యూఓ (గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్, గాలిమరల పనికి భద్రతా శిక్షణ ప్రమాణాలు పెట్టే సంస్థ) బేసిక్ సేఫ్టీ ట్రైనింగ్ అడుగుతారట: ఎత్తులో పని, ప్రథమ చికిత్స, బరువులెత్తడం, అగ్నిప్రమాద జాగ్రత్తలు. సర్టిఫికెట్ 2 ఏళ్లే చెల్లుతుంది. అదే నా టెన్షన్. ముందే చేసి ఉద్యోగం రాకపోతే? ఒక ఏజెంటు ట్రైనింగ్‌కి, ఉద్యోగానికి కలిపి 60 వేలు అడిగాడు. రసీదు ఇస్తారా అంటే మాట మార్చాడు. అమ్మ గాజులు తాకట్టు పెడతానంది, నేనే వద్దన్నాను. ట్రైనీగా చేరితే కంపెనీవాళ్లే చేయిస్తారా?

ఇంకొకటి. మొన్న మా వీధి నీళ్ల ట్యాంకు ఎక్కి ఫ్లోట్ స్విచ్ మార్చాను. ఎక్కేటప్పుడు ఏమీ అనిపించలేదు. దిగేటప్పుడు అరచేతులకు చెమటపట్టి కమ్మీ జారబోయింది. 80 మీటర్ల టవర్ లోపలి నిచ్చెన ఎక్కిదిగేవాళ్లకి ఈ భయం ఎన్నాళ్లకి పోతుంది? హైడ్రాలిక్స్ (నూనె ఒత్తిడితో యంత్రభాగాలు నడిపే పద్ధతి) ఇప్పటినుంచే చదవాలా?

ఈ పనిలో ఉన్న అన్నలు, అక్కలు దయచేసి చెప్పండి. హిందీ, ఒడియా వచ్చు, మరాఠీ రాదు.