సెంట్రిఫ్యూజ్ తిరిగే పది నిమిషాల్లో వస్తువులు కొనేస్తున్నాను, ఆపడం ఎలా?

రాత్రి_షిఫ్టు (గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. చేతికి వచ్చే జీతం 32,400. బ్రాడీపేటలో ఇద్దరం కలిసి ఉంటున్న గదికి నా వాటా అద్దె 4,500. నరసరావుపేటలో అమ్మానాన్నలకు 8,000 పంపుతాను. చీటీ 3,000. ఇవి మూడూ ఏనాడూ తప్పలేదు. నేను తప్పుతున్నది వేరే చోట.

నెలకు నేను కడుతున్న వాయిదాలు ఇవి: ఫోనుకు 3,167, ఇంకా ఏడు నెలలు ఉంది. ట్యాబ్లెట్‌కు 2,083, తొమ్మిది నెలలు. స్మార్ట్ వాచీకి 1,250, రెండు నెలలు. మొత్తం 6,500. ఫోను అవసరానికే కొన్నాను, పాతది నీళ్లలో పడింది. ట్యాబ్లెట్ గ్రూప్-2 పాఠాలు వినడానికి. విన్నది నాలుగో ఐదో, ఆ తరువాత అందులో చూసిందంతా క్రికెట్టే. వాచీ సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. రెండు వారాలు నా నిద్ర లెక్కపెట్టి, రాత్రి డ్యూటీ వాడికి నిద్ర చాలడం లేదని చెప్పింది. అది నాకు ముందే తెలుసు. ఇప్పుడు సొరుగులో ఉంది.

ఈ మధ్యే ఒక విషయం గమనించాను. ఇవేవీ నేను పగలు కొన్నవి కావు. తెల్లవారుజామున రెండు గంటల నుంచి నాలుగు గంటల మధ్య ల్యాబ్‌లో పెద్దగా పని ఉండదు. క్యాజువాలిటీ నుంచి ఒక రక్త నమూనా వస్తుంది. రక్తాన్ని గిర్రున తిప్పి అందులోని పలచటి ద్రవాన్ని (సీరం) వేరుచేసే యంత్రమే సెంట్రిఫ్యూజ్. అందులో ట్యూబు పెట్టి, ఎదురుగా బరువుకు ఇంకో ట్యూబు పెట్టి, మూత వేసి పది నిమిషాలకు టైమర్ తిప్పుతాను. సీరం విడివడే దాకా చేసేదేమీ లేదు. ఫోను తీస్తాను. వాచీ కొన్నది సరిగ్గా అలాంటి ఒక పది నిమిషాల్లోనే. యంత్రం ఆగేసరికి ఆర్డర్ ఖరారైనట్టు సందేశం కూడా వచ్చేసింది.

ఇప్పుడు బుట్టలో ఒక హెడ్‌సెట్ ఉంది. చుట్టూ ఉన్న చప్పుడు వినపడకుండా చేసే రకం. ధర 22,990. పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 1,916. పగలు పడుకుంటాను కాబట్టి, కింద వీధిలో వెల్డింగ్ దుకాణం ఉంది కాబట్టి ఇది అవసరమే అనిపిస్తోంది. వాచీ కొన్నప్పుడు కూడా అవసరమే అనిపించింది. ఆదివారం రాత్రితో ఆఫర్ అయిపోతుందట, ఇంకా 3 మాత్రమే మిగిలాయట.

కొనమంటారా? ఇలాంటి వాటికి జీతంలో ఎంత పక్కన పెట్టాలి? అసలు చేయి ఆపుకోవడం ఎలా?

పాత_పాస్‌బుక్ (కాకినాడ)

బాబూ, బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి దిగినవాడిని. ముందు ఆ 'నో కాస్ట్' ముచ్చట తేల్చుకుందాం. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎక్కడికీ పోదు, దాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు, అంతే.

ఒక లెక్క వేసి చూపిస్తాను. వస్తువు 30,000, ఆరు వాయిదాలు, నెలకు 5,000. బ్యాంకు ఏడాదికి 16 శాతం వడ్డీ వేస్తోందనుకోండి. అప్పుడు మీ పేరున రాసే అప్పు 28,648, మిగిలిన 1,352 వడ్డీ. ఆ 1,352 మీకు ముందే ధరలో తగ్గించారు కాబట్టి అక్కడికి సరి. కానీ క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది, అది 243. ప్రాసెసింగ్ రుసుము 199 అనుకుంటే పన్నుతో 235. అంటే 'ఖర్చు లేని' వాయిదాకు 478 ఖర్చయింది. మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకు ఇచ్చే తగ్గింపు ఏమైనా ఉంటే అదీ పోయినట్టే.

478 పెద్ద మొత్తం కాదు, నిజమే. దానికోసం నేను ఇంత రాయనక్కరలేదు. నాకు మీ ఉత్తరంలో కలుక్కుమన్న మాట వేరు: '22,990' అని ఒకసారి రాసి, వెంటనే '1,916' దగ్గరకు వెళ్లిపోయారు. మా కౌంటర్ దగ్గర కూడా అంతే. వస్తువు ధర ఎంతని అడిగితే చాలామంది తడుముకునేవారు, వాయిదా ఎంతని అడిగితే పైసలతో చెప్పేవారు.

వాయిదాలకే జీతంలో ఐదో వంతు పోతోంది. నన్నడిగితే ఫోన్లు, గీన్లు, వాటి మరమ్మతులు, చందాలు అన్నీ కలిపి ఇరవయ్యో వంతు చాలు. మీ జీతానికి నెలకు 1,620, ఏడాదికి 19,440. ఇది శాస్త్రమేమీ కాదు, నా పద్ధతి. వాచీ వాయిదా రెండు నెలల్లో తీరుతుంది కదా, ఆ 1,250 చేతిలో మిగిలినట్టు అనిపించకముందే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించండి.

ఒక్క ప్రశ్న. కార్డు బిల్లు మొత్తం కడుతున్నారా, కనీస మొత్తమేనా?

ఒక్కటే_జీవితం

22,990కి ఇంత పంచాయతీ ఎందుకండీ? రాత్రంతా మేలుకుని పనిచేసే మనిషి, పగలు పడుకోవడానికి ఒక వస్తువు కొనుక్కుంటానంటే బ్యాంకు పాఠాలు చెబుతున్నారు. సంపాదించేది దేనికి? కొనండి. నిద్ర కంటే ఎక్కువా?

రాత్రి_షిఫ్టు (గుంటూరు)

పాస్‌బుక్ గారూ, దాచి లాభం లేదు. గత రెండు నెలలుగా కనీస మొత్తమే కడుతున్నాను. వాయిదాలు కాక 9,000 దాకా పాత బాకీ మోస్తున్నాను.

పాత_పాస్‌బుక్ (కాకినాడ)

అయితే హెడ్‌సెట్ మాట పక్కన పెట్టండి. చాలా కార్డుల మీద ఆ బాకీకి వడ్డీ నెలకు 3.5 శాతం పైనే ఉంటుంది, ఏడాదికి 42 శాతం అన్నమాట. 9,000కి నెలకు 315, దాని మీద పన్ను 57, వెరసి 372. అంతటితో పోదు. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కార్డు గీసిన దేనికీ వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. మీరు పెట్రోలుకు ఆ కార్డే గీస్తుంటే పెట్రోలును కూడా వడ్డీకి పోయించుకుంటున్నట్టే. ముందు ఈ 9,000 ఎలాగైనా తీర్చండి. ఫోను, ట్యాబ్లెట్ వాయిదాలు ముందే ముగించాలని తొందరపడకండి, చాలా బ్యాంకులు దానికి వేరే రుసుము వేస్తాయి.

తణుకమ్మాయి (బెంగళూరు)

నాదీ ఇదే జబ్బు. మీకు తెల్లవారుజామున వస్తే నాకు పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి వచ్చేది. మా ఇంట్లో నేల ఊడ్చే రోబో ఒకటుంది. మా వంటింటి గడప ఎక్కలేక, దాని ముందే నిలబడి పాపం కూత పెడుతూ ఉంటుంది. మూడు స్మార్ట్ స్పీకర్లు ఉన్నాయి. మూడింటితోనూ మేము చేయించుకునే పని ఒకటే, పప్పు దించమని గుర్తు చేయించుకోవడం.

నాకు పనిచేసినవి రెండు. మొదటిది తిథి పద్ధతి. నవ్వకండి. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ మీద, వస్తువు మీద మనసు పడిన రోజు గడిలో దాని పేరు, పూర్తి ధర పెన్సిలుతో రాస్తాను. వాయిదా రాయకూడదు, పూర్తి ధరే. ఏకాదశి నాడు రాస్తే మళ్లీ ఏకాదశి దాకా ఆగాలి, అంటే దాదాపు పదిహేను రోజులు. ఆ రోజు కూడా కావాలనిపిస్తే అప్పుడు ఆలోచిస్తాను. గత దసరా నుంచి 11 రాశాను, కొన్నవి రెండు. ఒకటి ప్రింటరు, పిల్లల ప్రాజెక్టులకు రోజూ పనికొస్తోంది. రెండోది అడగకండి.

మీ సెంట్రిఫ్యూజ్‌కు అసలైన మందు రెండోది. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగానికి వెళితే ఆన్‌లైన్ లావాదేవీలు ఆపేసే మీట ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు ఆదేశం మేరకు 2020 నుంచి బ్యాంకులు ఈ సదుపాయం ఇస్తున్నాయి. డ్యూటీకి బయలుదేరేటప్పుడు ఆపేయండి, ఇంటికి వచ్చాక కావాలంటే తెరవండి. రాత్రి మూడింటికి మళ్లీ యాప్ తెరిచి, రహస్య సంఖ్య కొట్టి, మీట తిప్పేలోగా మీ పది నిమిషాలు అయిపోతాయి. ఎప్పుడో దాచిన కార్డు వివరాలు కొనుగోలు యాప్‌లోంచి తీసేయడం కూడా మరవకండి.

ఇక ఆ '3 మాత్రమే మిగిలాయి' గురించి. లేని తొందర పెట్టడం, చెప్పకుండా బుట్టలో వస్తువులు చేర్చడం లాంటి 13 రకాల మాయలను వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. ఫిర్యాదుకు 1915కి ఫోను చేయవచ్చు. మీరు చూసిన మూడు నిజంగా మూడేనో కాదో నాకు తెలియదు. నేను మాత్రం ఒక స్పీకరుకు 'ఆఖరిది' అని వరుసగా నాలుగు రోజులు చూశాను.

ఒక్కటే_జీవితం గారూ, నిద్ర ముఖ్యమే. మెడికల్ షాపులో చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిళ్లలు దొరుకుతాయి, ముందు వాటితో వారం పడుకుని చూస్తే పోయేదేమీ లేదు కదా.

కోఠి_మరమ్మతు (హైదరాబాద్)

జగదీష్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేస్తాను. నా వ్యాపారానికి విరుద్ధమైనా ఒక మాట చెబుతాను. కొత్త ఫోను కొనాలని బయలుదేరిన చాలామంది దారిలో నా దగ్గర ఆగుతారు, పాతదానికి ఎంత వస్తుందో అడగడానికి. మొన్న ఒకాయన వచ్చాడు. రెండేళ్ల ఫోను, ఛార్జింగ్ ఎక్కడం లేదు, తీగ పెట్టి ఒక కోణంలో ఒత్తి పట్టుకుంటేనే ఎక్కుతోంది. కొత్తది చూసుకుని వచ్చాడు, 27,000. నేను లైటు పెట్టి ఆ రంధ్రంలోకి చూశాను. ఫోను ఆపేసి, సన్నటి చెక్క పుల్లతో మెల్లగా గీరితే నీలం రంగు నూలు ముద్ద ఒకటి బయటకు వచ్చింది, మినపగింజంత. రెండేళ్లుగా జీన్సు జేబులో నలిగిన నూలు. తీగ పెడితే టక్కుమని కూర్చుంది. డబ్బులేం తీసుకుంటాను, టీ తాగించి వెళ్లాడు.

రాత్రి_షిఫ్టు గారూ, మీ ఫోను కొత్తదే కాబట్టి దాని జోలికి పోకండి. తరువాత నెమ్మదించిందని అనిపించినా ముందు బ్యాటరీ మార్పించండి. హెడ్‌సెట్ అంతగా కావాలంటే పాతవాటిలో మంచివి దొరుకుతాయి, కానీ చెవి మెత్తలు కొత్తవి వేయించుకోండి, వేరేవాళ్ల చెమట మనకెందుకు. పాత ఫోను ఎప్పుడు కొన్నా *#06# నొక్కి ఐఎంఈఐ సంఖ్య (ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) చూసి, ఆంగ్లంలో కేవైఎం అని, ఖాళీ వదిలి ఆ సంఖ్య రాసి 14422కు పంపండి. దొంగ ఫోనని నిలిపివేసినదైతే తెలిసిపోతుంది.

9,000 బాకీ అన్నారు కదా. ఆ ట్యాబ్లెట్ అమ్మేయవచ్చుగా? వాయిదా ఉంటే అమ్మకూడదని కొందరు అనుకుంటారు. మీది కార్డు మీద తీసుకున్నదైతే అప్పు మీ కార్డుది, వస్తువు మీది. వాయిదాలు మాత్రం మీరే కట్టుకోవాలి.

రాత్రి_షిఫ్టు (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలు. జరిగినవి చెబుతాను.

గురువారం డ్యూటీకి వెళ్లే ముందు కార్డుకు ఆన్‌లైన్ మీట ఆపేశాను. రాత్రి 2:40కి ఒక నమూనా వచ్చింది. టైమర్ తిప్పాను, ఫోను తీశాను. బుట్ట తెరిచి 'కొను' నొక్కాను కూడా, అబద్ధం చెప్పను. లావాదేవీ తిరస్కరించబడింది అని వచ్చింది. మళ్లీ బ్యాంకు యాప్ తెరవాలంటే బద్ధకం వేసింది. నా బద్ధకం నాకు పనికొచ్చింది ఇదే మొదటిసారి. మిగిలిన ఏడు నిమిషాలు యంత్రం తిరగడం చూస్తూ కూర్చున్నాను.

చెవి బిళ్లలు 60 రూపాయలు. వెల్డింగ్ చప్పుడు సగానికి తగ్గింది. కానీ అమ్మ ఫోను చేసినా వినపడలేదు, ఆవిడ కంగారుపడి రూమ్మేట్‌కు చేసింది. హెడ్‌సెట్ పెట్టుకున్నా అదే జరిగేదేమో. ఆఫర్ ఆదివారంతో అయిపోవాలి, సోమవారం చూస్తే ఇంకో ఆఫర్ పేరుతో 500 తక్కువకే ఉంది. హెడ్‌సెట్ పేరు, పూర్తి ధర గదిలో క్యాలెండర్ మీద రాశాను. నాకింకా కావాలనే ఉంది, అది కూడా చెప్పాలి.

మరమ్మతు గారూ, ట్యాబ్లెట్ ఈ చుట్టుపక్కలే అమ్ముదామని నిర్ణయించుకున్నాను. మూడు నెలలే వాడాను, గీత కూడా లేదు, ఛార్జరు ఉంది, బిల్లు ఉంది. ఎంత అడగవచ్చు?

కోఠి_మరమ్మతు (హైదరాబాద్)

వారంటీ ఇంకా ఉంది కాబట్టి కొన్న ధరలో సగం కంటే పైనే అడగండి, దిగడానికి కొంచెం చోటు ఉంచుకుని. డబ్బా ఉందా? డబ్బా ఉంటే కొనేవాడికి నమ్మకం, బేరం తక్కువ చేస్తాడు.

రాత్రి_షిఫ్టు (గుంటూరు)

డబ్బా నరసరావుపేటలో ఉంది. గట్టిగా బాగుందని అమ్మ అందులో కుట్టు దారాలు పెట్టుకుంది. ఈ ఆదివారం వెళ్లి అడగాలి. అడిగితే ట్యాబ్లెట్ ఎందుకు అమ్ముతున్నావని అడుగుతుంది, ఆ జవాబే ఇంకా ఆలోచిస్తున్నాను.