కత్తి ఒరకి అందంగా కనిపించే చేతికుట్టు ఏది?

అడవిబాట:
ట్రెక్కింగ్‌కి పట్టుకెళ్ళే చిన్న కత్తికి ఒర కుడుతున్నాను. అలుగు 10 సెం.మీ., తోలు 3 మి.మీ. మందం, వెజిటబుల్ టాన్‌దే, అంటే చెట్ల బెరడు రసంతో పదును చేసినదే. (క్రోమియం లవణాలతో పదును చేసే క్రోమ్ తోలులో ఉంచితే అలుగు తుప్పు పడుతుందని తెలుసు, ఆ చర్చ మళ్ళీ వద్దు.) రెండు సూదుల సాడిల్ స్టిచ్ వచ్చు. కానీ గోధుమరంగు తోలు మీద గోధుమరంగు దారం మరీ చప్పగా ఉంది. రెండు రంగుల దారం వాడనా, అంచు చుట్టూ సన్నటి తోలు పట్టీతో అల్లనా, లేక ముందువైపు ఒక తీగ, నాలుగు ఆకులు దారంతో కుట్టనా? ఏది చేసినా పనికొచ్చే ఒరే కావాలి, షోకేస్‌లో పెట్టేది కాదు. ఇంకోటి, నా కుట్టు ముందువైపు చక్కగా వస్తుంది, వెనక చూస్తే పాము పాకినట్టుంది. ఎందుకంటారు?

మైనందారం:
ముందు ఆ వెనకవైపు సంగతి చూడండి, అది కుదరకుండా రెండు రంగులు వేస్తే వంకర ఇంకా బాగా కనిపిస్తుంది. ముందు తోలు, మధ్యలో వెల్ట్ పట్టీ (అలుగు కుట్టుకి తగలకుండా అంచున పెట్టే తోలు ముక్క), వెనక తోలు కలిపితే 9 మి.మీ. అవుతుంది, అంత మందంలో ఆరె (తోలుకి రంధ్రం పొడిచే పనిముట్టు) కాస్త పక్కకి వాలినా అవతల రెండు మూడు మి.మీ. తేడా వచ్చేస్తుంది. పళ్ళ ఉలితో 4 మి.మీ. ఎడంలో పైన గుర్తులు మాత్రమే పెట్టుకుని, ఒక్కో రంధ్రం ఆరెతో నిటారుగా పొడవండి. వెనక కూడా అంచుకి అంతే దూరంలో గాడి గీసి ఉంచుకుంటే ఆరె మొన ఆ గాడిలో తేలుతోందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. కొందరు డ్రిల్లుతో వేస్తారు, రంధ్రాలు నేరుగానే వస్తాయి గానీ గుండ్రంగా ఉంటాయి కాబట్టి కుట్టుకి ఆ ఏటవాలు అందం రాదు.

రెండు రంగులకి నా ఓటు. రెండు దారాలు ముడేసి, ఆ ముడి పొరల మధ్య దాచి మొదలుపెట్టండి. సాడిల్ స్టిచ్‌లో ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ వెళ్తాయి కాబట్టి రెండు వైపులా రంగులు ఒకటి విడిచి ఒకటి వాటంతట అవే పడతాయి. ఏ సూది ముందు దూర్చాలో ఒకసారి అనుకున్నాక చివరిదాకా అదే వరస. మొత్తం దారం కుట్టు పొడవుకి కనీసం ఎనిమిదింతలైనా ఉండాలి, ఈ మందానికి నాలుగైదింతలు చాలవు. తోలుకి రంగు వేసేదుంటే కుట్టకముందే వేసేయండి, తర్వాత వేస్తే తెల్ల దారం ఆ రంగంతా పీల్చుకుంటుంది.

కత్తిపీట:
అంచు చుట్టూ తోలు పట్టీ అల్లిక మాత్రం వద్దు బ్రో. చూడ్డానికి బాగుంటుంది, కానీ పొదల్లో తిరిగేటప్పుడు ముందు ఒరుసుకుని అరిగేది ఆ అంచే. పట్టీ ఒక్కచోట తెగితే చుట్టంతా వదులైపోతుంది. అదే సాడిల్ స్టిచ్‌లో ఒక కుట్టు తెగినా పక్క కుట్లు పట్టే ఉంచుతాయి. అంత మోజుంటే అసలు కుట్టు దారంతోనే వేసి, దానికి లోపలిగా చిన్న చీలికలు కోసి 3 మి.మీ. వెడల్పు మేకతోలు పట్టీ దూర్చుకుంటూ పోండి. బక్ స్టిచ్ అంటారు, అమెరికా కౌబాయ్ జీనుల మీద కనిపిస్తుందే, అది. బరువంతా దారం మీద, సోకంతా పట్టీ మీద. వెడల్పు ఒర అయితేనే సుమా, సన్నటి ఒరకి ఇది ఇరుకు.

ఒరమోజు:
తీగ గురించి ఎవరూ చెప్పలేదే. మెక్సికోలో, హలీస్కో రాష్ట్రంలోని కొలోత్లాన్‌లో పితేయాదో అని ఒక పని ఉంది, పితా అనే మొక్క నారతో బెల్టుల మీదా జీనుల మీదా పూలూ తీగలూ కుడతారు. ఫొటోలు వెతికి చూడండి, కళ్ళు తిప్పుకోలేరు. మీరు ఎలాంటి తీగ కుట్టినా సరే, ఒర జోడించకముందే, ముందు ముక్క మీద విడిగా కుట్టేయాలి. తర్వాత దాని వెనక పల్చటి తోలు అంటించాలి. అది లేకపోతే కత్తి దూర్చిన ప్రతిసారీ మొన లోపలి దారాలకి తగులుతుంది, నెల తిరక్కుండా ఆకులు రాలిపోతాయి. అంచు కుట్టుని అలుగు కోయకుండా వెల్ట్ కాపాడుతుంది గానీ, ముందు ముఖం మీది కుట్టుకి ఆ అస్తరే దిక్కు.

అడవిబాట:
అయితే అంచుకి రెండు రంగులు, ముందు చిన్న తీగ, దాని వెనక అస్తరు. ఒరని తడిపి కత్తి ఆకారానికి నొక్కేది తీగ కుట్టాకా, ముందా?

ఒరమోజు:
తీగ, అస్తరు, అంచు కుట్టు అన్నీ అయ్యాకే తడపండి. కత్తికి ప్లాస్టిక్ కవరు గట్టిగా చుట్టి దూర్చి, బొటనవేళ్ళతో నొక్కండి. తీగ ఉన్నచోట ఎముక పుల్ల (తోలుని నొక్కి గీతలు దిద్దే పనిముట్టు) వాడొద్దు, దారం నలిగిపోతుంది. ముదురు రంగు దారమైతే ముందు ఒక ముక్క తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూసుకోండి, రంగు దిగితే పాలిస్టర్ దారానికి మారిపోండి.