పాత కారు రేడియేటర్: ఇంట్లో విప్పడమా, ఆటోనగర్‌కి అప్పగించడమా?

పటమట_పాతబండి
తొంభైల నాటి మారుతి 800, ఏసీ ఉంది. రేడియేటర్ ఇత్తడిది. కింది ట్యాంకు అతుకు దగ్గర పచ్చగా చిలుము పట్టి, ఎప్పుడు చూసినా చెమ్మగా ఉంటోంది. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే వేడి చూపే ముల్లు పైకి పోతోంది, కదిలితే దిగుతోంది. అల్యూమినియం కోర్ (గొట్టాలు, రెక్కలు ఉండే మధ్య భాగం), ప్లాస్టిక్ ట్యాంకులు ఉన్న కొత్తది కొనాలా, ఉన్నదానికే కోర్ మార్పించాలా? విప్పి బిగించే పని ఇంట్లో చేసుకోదగ్గదేనా?

స్పానర్_పదినంబరు
ఇంట్లో చేసుకోదగ్గదే. కానీ మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులండీ. ఆగినప్పుడు వేడెక్కి, కదిలితే చల్లబడుతోందంటే ముందు ఫ్యాన్‌ని అనుమానించాలి. మంగళగిరి దాటాక ఎనభైలో పోతుండగా ముల్లు ఎక్కితే అప్పుడు కోర్ పూడిందనుకోవాలి. నీళ్లు వేడెక్కితే ఫ్యాన్‌ని తిప్పే స్విచ్ ఉంటుంది, దాని వైర్లు రెండూ ఊడదీసి కలపండి, తాళం ఆన్‌లో పెట్టి. ఫ్యాన్ తిరిగితే మోటారు బతికే ఉంది, స్విచ్ పోయింది. బద్ధకంగా తిరిగితే మోటారు బ్రష్‌లు అరిగాయి, లేదా ఎర్త్ సరిగా లేదు. ఇది చూడకుండా రేడియేటర్ మారిస్తే కారుతున్న చెమ్మ పోతుంది, ట్రాఫిక్‌లో వేడి మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకోటి కూడా చూడండి. తెల్లవారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట్లో ఒకటి రెండు బుడగలు వస్తే పర్లేదు. ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే పొర) పోయినట్టే. అప్పుడు ఏ రేడియేటర్ వేసినా దండగ.

ఇత్తడి_పక్షం_గుంటూరు
కోర్ మార్పించండి, కొత్తది కొనకండి. ఇత్తడి ట్యాంకుకి చిల్లు పడితే టంకంతో మాటు వేయొచ్చు. గొట్టాలు పూడితే పై ట్యాంకు టంకం విప్పి, ఒక్కో గొట్టంలో సన్నటి కడ్డీ దూర్చి శుభ్రం చేస్తారు. మరీ పాడైతే కోర్ ఒక్కటే మారుస్తారు, ట్యాంకులు పాతవే ఉంటాయి కాబట్టి బోల్టు రంధ్రాలు, పైపు మెడలు అన్నీ యథాస్థానంలో కూర్చుంటాయి. ప్లాస్టిక్ ట్యాంకు అలా కాదు. అల్యూమినియం కోర్‌కి అంచు మడతలతో నొక్కి పట్టించి ఉంటుంది. ఏళ్లు గడిచాక ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి మెడ దగ్గర చిట్లితే దానికి మాటు లేదు. ఎం-సీల్ పెట్టి ఇంటికి చేరొచ్చేమో గానీ అది వైద్యం కాదు.

లబ్బీపేట_లోడ్‌టెస్ట్
మాటు వేయగలగడం గొప్పే, చల్లబరచడం దాని అసలు పని కదండీ. రాగికి వేడి ప్రవహింపజేసే గుణం అల్యూమినియం కన్నా ఎక్కువే, అక్కడిదాకా మీ మాట నిజం. కానీ ఇత్తడి రేడియేటర్‌లో గొట్టాలు ఇత్తడివి, రెక్కలు రాగివి, మధ్యలో టంకం. రాగితో పోలిస్తే ఇత్తడీ టంకమూ రెండూ వేడిని మెల్లగా పంపేవే. అల్యూమినియంలో గొట్టం వెడల్పుగా పెట్టొచ్చు, రెక్కలు నేరుగా అంటుకుపోయి ఉంటాయి. అందుకే అదే సైజులో తేలికైన అల్యూమినియం కోర్ దానికి తీసిపోదు. పైగా పాత ఇత్తడిలో రెక్కకీ గొట్టానికీ మధ్య టంకం వదిలేస్తే పైకి రేడియేటర్ నిక్షేపంలా కనిపిస్తుంది, వేడి మాత్రం రెక్కకి చేరదు. వేలితో రెక్కల్ని మెల్లగా నొక్కి చూడండి. పొడిలా రాలితే మాటు గురించి మాట్లాడుకోవడం అనవసరం.

ఇత్తడి_పక్షం_గుంటూరు
రెక్కలు రాలితే కోర్ మార్చాలనే నేనూ అన్నది. మాటు అన్నది ట్యాంకు అతుక్కి. ఆయనకి కారుతున్నదీ అక్కడే.

అరండల్‌పేట_జాకీ
ఇంట్లో చేయొచ్చు అనేవాళ్లు విప్పడం గురించే మాట్లాడుతున్నారు. నాలుగు బోల్టులు, రెండు పైపులు, అది ఎవరైనా విప్పుతారు. పని చెడేది నింపేటప్పుడు. గాలి బయటికి పంపకపోతే హెడ్‌లో గాలి బుడగ ఇరుక్కుంటుంది, గేజి సెన్సార్ ఆ గాలిలో ఉంటే ముల్లు చల్లగా ఉన్నట్టే చూపిస్తుంది, లోపల హెడ్ వంకర పోతుంది. ఏసీ ఉన్న బండికి రేడియేటర్ ముందు ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్ కూడా ఉంటుంది, దాని గొట్టం వంగితే గ్యాస్ మొత్తం పోతుంది. ఆటోనగర్‌లో పూటలో అయ్యే పనికి ఆ తలనొప్పి ఎందుకు?

స్పానర్_పదినంబరు
గాలి విషయం నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే బయట చేయించినా గాలి సరిగా తీయడానికి ముప్పావు గంట కూర్చోవాలి, అంతసేపు మీ బండి దగ్గర ఎవరు కూర్చుంటారో మీరే చెప్పండి. సరే, ఇంట్లో చేసేవాళ్లకి వరస ఇది.

ఇంజన్ ఆపి కనీసం మూడు గంటలు ఆగాలి. వేడి మీద మూత తిప్పారో, మరుగుతున్న నీళ్లు ముఖం మీదికే. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, కొన్ని బళ్లలో తాళం తీసినా ఫ్యాన్ తనంతట తాను తిరుగుతుంది. కింద వెడల్పాటి టబ్బు పెట్టి డ్రెయిన్ ప్లగ్ విప్పండి. బిగుసుకుపోతే బలవంతం చేయకండి, విరుగుతుంది. కింది పైపు వదులు చేసినా పని అయిపోతుంది. వచ్చిన నీళ్లు కొలవండి. మాన్యువల్‌లో రాసిన దానికన్నా బాగా తక్కువ వస్తే ఇన్నాళ్లూ బండి తక్కువ నీళ్లతో నడిచిందన్నమాట. బ్లాక్‌లో లీటరు పైన ఎలాగూ ఉండిపోతుంది, అది లెక్కలో వేసుకోండి.

పాత పైపుని కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగొద్దు, మెడ వంగిపోతుంది. ముందు చేత్తో మెలిపెట్టి తిప్పండి. కదలకపోతే కత్తితో నిలువుగా చీల్చి తీయండి, ఆ పైపు ఎలాగూ మార్చాల్సిందే. కింది పైపుది మరీ ముఖ్యం, పంపు లాగే వైపు ఉంటుంది కాబట్టి మెత్తబడితే ఇంజన్ స్పీడు పెరిగినప్పుడు లోపలికి నొక్కుకుపోయి నీళ్ల దారి మూసేస్తుంది.

తర్వాత ఫ్యాన్, దాని ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు పగిలిందని పారేయకండి, అది లేకపోతే ఫ్యాన్ తన చుట్టుకొలత మేరకే గాలి లాగుతుంది, మూలలు వట్టివే. కండెన్సర్ గొట్టాలు అసలు ముట్టుకోవద్దు. దాని క్లాంపులు మాత్రం వదులు చేసి, తాడుతో ముందు పట్టీకి కట్టేసి, రెండింటి మధ్యలో అట్టముక్క దూర్చండి. రేడియేటర్‌ని నిలువుగా పైకెత్తండి. కింది రబ్బరు బుష్‌లు ఫ్రేములోనే ఉండిపోతాయి, పాడైతే కొత్తవి వేయండి. అవి లేకుండా బిగిస్తే అదురుకి ట్యాంకు చిట్లుతుంది.

కొత్తదాన్ని పాతదాని పక్కన నిలబెట్టి చూశాకే కొట్టువాడికి సరే అనండి. మెడల మందం, ఫ్యాన్ స్విచ్ మర, ఓవర్‌ఫ్లో ముక్కు, కోర్ మందం, నాలుగూ చూడాలి. కోర్ అర అంగుళం మందంగా ఉన్నా ఫ్యాన్ రెక్క తగిలే ప్రమాదం ఉంది. పైపు ఎక్కించేటప్పుడు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. కాస్త కూలెంట్ తడి చాలు. క్లిప్పు మెడ గట్టు దాటాక పడాలి, గట్టు మీద కాదు.

భవానీపురం_ఉలి
ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు పోకుండా ఆపే థర్మోస్టాట్ తీసి పారేస్తే గొడవే లేదు. మన ఎండలకి అది దేనికి? రోహిణి కార్తెలో రేడియేటర్‌కి ఎంత నీళ్లు తిరిగితే అంత మంచిది.

లబ్బీపేట_లోడ్‌టెస్ట్
ఈ సలహా విని ఎంతమంది బళ్లు తాగుబోతుల్లా పెట్రోలు తాగుతున్నాయో. థర్మోస్టాట్ 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది, ఇంజన్ ఇంకా వేడెక్కితే పూర్తిగా తెరుచుకుంటుంది. అంటే వేడిలో అది అడ్డం కాదు. తీసేస్తే ఇంజన్ చాలాసేపు చల్లగా నడుస్తుంది, నూనెలో తేమ పోదు, సిలిండర్ అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ పక్కదారిని మూస్తుంది. అలాంటిదాన్ని తీస్తే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌కి తిరిగొస్తుంది. చల్లబడాలని తీసింది ఇంకా వేడెక్కిస్తుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీయండి, మరిగేలోపే నోరు తెరవాలి. తెరవకపోతే కొత్తది వేయండి.

అరండల్‌పేట_జాకీ
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా గుంటూరు వైపు బోరు నీళ్లతో బిందెకే తెల్లగా పొర కడుతుంది, రేడియేటర్ గొట్టం ఎంత? బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు. ఇంటి ఆర్‌వో నీళ్లలోనూ ఉప్పు కొంత మిగిలే ఉంటుంది. అలాగే కారుతోందని పసుపు వేసే పాత లారీ చిట్కా. పసుపు ఉబ్బి చిన్న చిల్లు మూసేది నిజమే, సన్నటి గొట్టాలూ హీటర్ కోరూ కూడా దాంతోపాటే మూసుకుంటాయి. లీకు మూసే పొడి డబ్బాలతోనూ ఇదే గొడవ.

ఇత్తడి_పక్షం_గుంటూరు
బాగా చెప్పారు. మన వైపు రేడియేటర్‌కి బయటినుంచి పట్టే దుమ్ము ఇంకో రకం కూడా ఉంది. పత్తి జిన్నింగ్ మిల్లుల దారుల్లో తిరిగే బళ్లకి కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య నూగు దూది పొరలా పట్టేస్తుంది. బయటినుంచి కనబడదు. రేడియేటర్ విప్పిన రోజే కండెన్సర్ వెనక చూడండి. ఇంజన్ వైపు నుంచి ముందుకి సన్నటి ధారతో కడగాలి. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలన్నీ పడుకుంటాయి.

స్పానర్_పదినంబరు
నింపడం. ముందు థర్మోస్టాట్ విప్పి, బ్లాక్‌లోంచి తేట నీళ్లు వచ్చేదాకా కడగండి, చివరి సారి డిస్టిల్డ్‌తో. థర్మోస్టాట్ కొత్త గాస్కెట్‌తో తిరిగి బిగించండి. ఇప్పుడు లోపల మిగిలిన నీళ్లు కొలవలేం కాబట్టి ముందు చిక్కటి కూలెంటే పోయాలి. నాలుగు లీటర్లు పట్టే బండికి 40 శాతం అంటే 1.6 లీటర్లు. అది పోశాక మిగిలిన జాగా డిస్టిల్డ్‌తో నింపండి. సీసా మీద ముందే కలిపినది అని ఉంటే ఈ లెక్క పనికిరాదు.

సగం సగం ఎందుకు కాదంటే, ఇక్కడ గడ్డకట్టే చలి లేదు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ఎక్కువైతే వేడి మోసే శక్తి తగ్గుతుంది. అలాగని 30 శాతం కన్నా దిగితే తుప్పు ఆపే మందు చాలదు. మరిగే భయానికి అసలు కాపలా మూత. 0.9 (బార్) అని అచ్చు వేసిన మూత ఆ ఒత్తిడి పట్టి ఉంచితే మామూలు నీళ్లే దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు గట్టిపడిన మూతతో ఆ లాభమంతా పోయినట్టే. రేడియేటర్‌తోపాటు మూత కొత్తది వేయండి, అదే అంకె ఉన్నది.

గాలి తీయడానికి ముందు భాగం జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకి అడ్డంగా రాళ్లు. హీటర్ ఉంటే పూర్తి వేడి మీద. మూత తీసి ఐడిల్‌లో నడపండి. పై పైపు ఒక్కసారిగా వేడెక్కినప్పుడు థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట, మట్టం పడిపోతుంది, పోయండి. పై పైపుని గుడ్డతో పట్టుకుని మెల్లగా పిసికితే బుడగలు వస్తాయి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక మూత బిగించండి. మర్నాడు పొద్దున చల్లగా ఉండగా మళ్లీ చూడండి, దాదాపు కచ్చితంగా కొంచెం తగ్గి ఉంటుంది.

లబ్బీపేట_లోడ్‌టెస్ట్
కూలెంట్ రంగు చూసి కొనకండి, రంగుకి ప్రమాణం ఏదీ లేదు. టంకమున్న ఇత్తడికి పాతకాలపు సిలికేట్ రకం క్షేమం, రెండేళ్లకోసారి మార్చాలి. అల్యూమినియానికి ఎక్కువ కాలం వచ్చే ఆర్గానిక్ రకం పోయొచ్చు. రెండూ కలపొద్దు. తీసిన పాతది ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో పోయకండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చస్తాయి. క్యాన్‌లో మూత పెట్టి, వాడిన ఇంజన్ నూనె తీసుకునే చోట అడిగి ఇవ్వండి.

పటమట_పాతబండి
స్విచ్ వైర్లు కలిపితే ఫ్యాన్ గట్టిగానే తిరిగింది, కాబట్టి స్విచ్ కొత్తది. రెక్కలు రాలలేదు. రేడియేటర్ నేనే విప్పి, అతుకు టంకానికి, కడ్డీ శుభ్రానికి మాత్రం ఆటోనగర్‌లో ఇద్దామనుకుంటున్నాను. తెచ్చుకునే ముందు ఏం అడగాలి?

ఇత్తడి_పక్షం_గుంటూరు
మెడలు మూసి, 15 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, మీ ఎదురుగా నీళ్ల తొట్టిలో ముంచమనండి. రెండు నిమిషాలు ఎక్కడా బుడగ రాకూడదు. టంకం అంటుకోవడానికి పూసే యాసిడ్ ఫ్లక్స్‌ని పని అయ్యాక బాగా కడిగారా అడగండి. అది మిగిలితే అదే అతుకు మళ్లీ పచ్చబడుతుంది.

స్పానర్_పదినంబరు
ఫ్యాన్ కనెక్టర్ తీసి పెట్టేటప్పుడు వైర్లు తారుమారైతే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది. హోరు మామూలుగానే ఉంటుంది, గాలి మాత్రం ఎదురు తోస్తుంది. మీ ఫ్యాన్ రేడియేటర్ వెనకే ఉంది కాబట్టి, అది తిరుగుతుండగా కండెన్సర్ ముందు ఒక కాగితం పెట్టి వదలండి. అతుక్కుని నిలబడితే సరే. ఎగిరిపడితే వైర్లు మార్చండి.